ఆట మధ్యలో రూల్స్ మార్చకూడదట, మరి ఆటే ఎత్తేస్తే?

తుక్కుగూడ అనగానే హైదరాబాదు ఐటీ జనాలకి మూడు గుర్తొస్తాయి. ఔటర్ రింగు రోడ్డు ఎగ్జిట్, వండర్‌లాకి పోయే దారి, రాజకీయ పార్టీల బహిరంగ సభలు. నాకు నాలుగోది కూడా గుర్తొస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి ఆ సర్వీసు రోడ్డు మీద కారు హెడ్‌లైట్ల వెలుగులో కనపడే కుర్రాళ్లు. నిక్కర్లు, బనీన్లు, కొందరికి బూట్లుంటాయి, కొందరికుండవు. పక్కన ఒకడు సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అరుస్తుంటాడు. మనం ఐదు కిలోమీటర్లు పరిగెడితే ఫేస్‌బుక్కులో పెట్టుకుంటాం. వాళ్లది ఆ పరుగు కాదు. 1600 మీటర్లు, ఐదున్నర నిమిషాలు. ఆర్మీ ర్యాలీలో ఆ పరుగుకి 60 మార్కులు, పది పులప్స్ తీస్తే 40. తర్వాత తొమ్మిదడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ దిమ్మె మీద పడిపోకుండా నడవాలి. ఆపైన మెడికల్. 2023కి ముందయితే అన్నీ దాటాకే రాత పరీక్ష ఉండేది.

ఈ టపా ఆ రాత పరీక్ష రాయలేకపోయినవాళ్ల గురించి. సైన్యంలో చేరడానికి ఎవరు అర్హులు అనే గీత ఎవరు గీస్తారు, ఆ గీత తప్పని కోర్టుకి పోతే ఏమవుతుంది అన్నదాని గురించి. కాస్త వెనక్కెళ్లి మొదలెడతాను, ఓపిక పట్టండి.

మనవాళ్లకి సైన్యానికి సంబంధమేముంది, అది పంజాబీల, గూర్ఖాల వ్యవహారం కదా అనుకునేవాళ్లు మనలో చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయిని పిలిచే పేరే "తిలంగా". తెలంగా, అంటే తెలుగువాడు. ఈస్టిండియా కంపెనీ దక్షిణాదిలో ఫ్రెంచివాళ్లతో కొట్లాడే రోజుల్లో సిపాయిల్ని ఇక్కడినుంచే తీసుకుంది. 1756 చివర్లో క్లైవు మద్రాసు నుంచి ఓడలెక్కించుకుని బెంగాలు తీసుకెళ్లిన పటాలంలో ఈ దక్షిణాది సిపాయిలే ఉన్నారు. వాళ్లని చూసిన జనం ఎర్రకోటు వేసుకున్న ప్రతివాణ్ణీ తిలంగా అనడం మొదలుపెట్టారు. వంద సంవత్సరాల తర్వాత, 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలు అవధ్, బీహారు ప్రాంతాల వాళ్లు. అయినా అప్పటి ఉర్దూ రాతల్లో వాళ్లు కూడా తిలంగాలే!

అలాంటి పేరు తెచ్చుకున్నవాళ్లు ఏమయ్యారు? ఫ్రెడరిక్ రాబర్ట్స్ అని ఒక జనరలుండేవాడు. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి అధిపతి. ఆయన లెక్క ప్రకారం దక్షిణాదిలో చాలాకాలంగా యుద్ధాల్లేవు, జనం సుఖానికి అలవాటుపడ్డారు, పాత పౌరుషం చచ్చిపోయింది, రష్యావాడొస్తే వీళ్లు నిలబడలేరు. 1897లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో కూడా ఇదే రాసుకున్నాడు. దీనికే తర్వాత "యుద్ధజాతుల సిద్ధాంతం" అని పేరొచ్చింది. సిద్ధాంతం అన్నది పెద్దమాటే గానీ, దాని వెనక 1857 భయం కూడా ఉంది. తిరగబడిన ప్రాంతాల వాళ్లని తగ్గించి, అప్పుడు తమవైపు నిలబడిన పంజాబుని పెంచుకున్నారు. మద్రాసు సైన్యం 1857లో పెద్దగా తిరగబడలేదు. అయినా దానికి కోత తప్పలేదు. తిరగబడినవాణ్ణి నమ్మకస్తుడు కాదన్నారు, తిరగబడనివాణ్ణి పనికిరాడన్నారు.

1890ల నుంచి మద్రాసు బెటాలియన్లు ఒక్కొక్కటే మారిపోయాయి. బెటాలియన్ ఉంటుంది, దాని చరిత్ర, జెండా మీద యుద్ధాల పేర్లు అన్నీ ఉంటాయి, లోపల జనం మాత్రం పంజాబు వాళ్లు. 1903లో కిచెనర్ నంబర్లు మార్చినప్పుడు కొన్నిటికి ఏకంగా పంజాబీలనే పేరు పెట్టేశారు. 62వ పంజాబీలు, 66వ పంజాబీలు, 67వ పంజాబీలు పుట్టుకతో మద్రాసు పటాలాలు. 19వ శతాబ్దం ముగిసేసరికి సైన్యంలో తెలుగువాళ్ల చేరిక దాదాపు ఆగిపోయింది.

సరే, దీన్ని ఎవరైనా సవాలు చేశారా? మనవాళ్ల సంగతి నాకు కనపడలేదు గానీ మహారాష్ట్రలో మహర్లు చేశారు. వాళ్లనీ ఆ రోజుల్లోనే ఆపేశారు. 1894లో గోపాల్ బాబా వలంగ్‌కర్ అనే మాజీ సైనికుడు మా తాతలు మీ కోసం పోరాడారు, మమ్మల్ని ఎందుకు వద్దంటున్నారు అని అర్జీ తయారుచేశాడు. 1910లో శివరామ్ జానబా కాంబ్లే మరో అర్జీ పెట్టాడు. కోర్టుకి పోవడానికి అప్పుడు రాజ్యాంగం లేదు, సమానత్వపు హక్కు లేదు. అర్జీ పెట్టుకోవడం, దొరవారి దయ కోసం ఎదురుచూడ్డం, అంతే.

తలుపు చివరికి తెరిచింది అర్జీలు కాదు, అవసరం. రెండో ప్రపంచయుద్ధంలో జనం చాలకపోయేసరికి యుద్ధజాతులు, పిరికిజాతులు అన్న లెక్కలన్నీ పక్కకిపోయాయి. 1941లో మహర్ రెజిమెంటు పుట్టింది. 1920లలో రద్దయిన మద్రాసు రెజిమెంటుకి మళ్లీ ప్రాణం పోశారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, దాన్ని జనం మిలిటరీ మాధవరం అనే అంటారు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఆ ఊరివాళ్లు ఇంటింటి నుంచీ వెళ్లారు, ఇప్పటికీ వెళుతున్నారు. రాబర్ట్స్ చచ్చిపోయిందన్న పౌరుషం ఆ ఊళ్లో ఎక్కడ దాక్కుందో మరి :)

(ఈ మద్రాసు సైన్యం కథ సర్కారు జిల్లాలది. తుక్కుగూడ 1948 సెప్టెంబరు దాకా నిజాం ఇలాకా, ఆ సైన్యం లెక్కలు వేరు. కానీ ఇవాళ సర్వీసు రోడ్డు మీద పరిగెత్తేవాడికి ఆ తేడా లేదు. సికింద్రాబాదు రిక్రూటింగ్ ఆఫీసయినా, గుంటూరయినా, విశాఖపట్నమయినా రూల్స్ ఒకటే.)

ఇక రాజ్యాంగం వచ్చింది. ప్రభుత్వోద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన ఊరు, నివాసం చూసి వివక్ష చూపకూడదని 16వ అధికరణం చెబుతుంది. కానీ అదే ఏడాది, 1950లో వచ్చిన ఆర్మీ చట్టం 12వ సెక్షను, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన విభాగాల్లో తప్ప స్త్రీలు చేరడానికి అర్హులు కారంది. పాత కులం పేర్ల రెజిమెంట్లు కూడా ఉండిపోయాయి. కొత్తగా అలాంటివి పెట్టబోమన్నారు గానీ ఉన్నవాటిని తీసెయ్యలేదు. 2012లో హర్యానాకి చెందిన ఒక డాక్టరు దీనిమీద సుప్రీం కోర్టుకి వెళితే 2013లో ఆర్మీ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: మేము కులం, మతం, ప్రాంతం చూసి తీసుకోం, కొన్ని రెజిమెంట్లలో ఒకే ప్రాంతం వాళ్లని కలిపి పెట్టడం పరిపాలన కోసం, యుద్ధావసరాల కోసం.

కోర్టులు నిజంగా గట్టిగా నిలబడింది స్త్రీల విషయంలో. 1992 జనవరి నోటిఫికేషన్‌తో కొన్ని శాఖల్లో మహిళా అధికారులకి దారి ఇచ్చారు, అదీ కొన్నేళ్ల సర్వీసుకే. పర్మనెంట్ కమిషన్ కోసం వేసిన బబితా పునియా కేసులో 2010లో ఢిల్లీ హైకోర్టు వాళ్లకి అనుకూలంగా చెప్పింది. కేంద్రం అప్పీలుకెళ్లింది. ఆ వాదనలో ఒక ముక్క చూడండి. జవాన్లలో ఎక్కువమంది గ్రామీణ నేపథ్యం వాళ్లు, ఆడవాళ్లు కమాండ్ చేస్తే ఒప్పుకునేంత మానసికంగా సిద్ధంగా లేరు అని. అంటే ఆడవాళ్లకి అన్యాయం చెయ్యడానికి పల్లెటూరివాణ్ణి అడ్డం పెట్టుకున్నారు. 2020 ఫిబ్రవరి 17న సుప్రీం కోర్టు ఇవన్నీ మూస అభిప్రాయాలని కొట్టేసింది. 2021 ఆగస్టు 18న కుశ్ కాల్రా కేసులో ఎన్‌డీఏ పరీక్ష అమ్మాయిలు కూడా రాయొచ్చని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అలా లోపలికి వెళ్లిన మొదటి అమ్మాయిల్లో 17 మంది 2025 మే నెలలో పట్టాతో బయటికొచ్చారు. 2025 ఆగస్టు 11న ఆర్మీ న్యాయవిభాగంలో మగవాళ్లకి ఆరు, ఆడవాళ్లకి మూడు అని పోస్టులు పంచడం కూడా చెల్లదంది.

అంటే "నువ్వు ఫలానా కాబట్టి వద్దు" అన్న చోట కోర్టు తలుపు తీసింది. రాబర్ట్స్ మనల్ని ఆపిన పద్ధతిలో ఇవాళ ఎవరైనా ఆపితే కోర్టులో నిలబడదనే అనుకుంటాను. బాగుంది.

ఇప్పుడు సికింద్రాబాదు కేసుకొద్దాం. ఇక్కడ ఎవరినీ నువ్వు ఫలానా కాబట్టి వద్దనలేదు.

కోవిడ్ పేరుతో 2020-21, 2021-22 రెండేళ్లూ ఆర్మీలో జవాన్ల భర్తీ జరగలేదు. దానికి ముందు 2019-20లో తీసుకున్నది 80,572 మందిని. ఆ సంఖ్య సున్నాకి పడింది. ఇక్కడ మెలిక ఏమిటంటే, ర్యాలీలు పూర్తిగా ఆగలేదు. కొన్ని చోట్ల పెట్టారు. కుర్రాళ్లు పరిగెత్తారు, మెడికల్ పాసయ్యారు, రాత పరీక్షకి అడ్మిట్ కార్డు కోసం కూర్చున్నారు. పరీక్ష వాయిదా, మళ్లీ వాయిదా. ఎయిర్ ఫోర్సులో అయితే ప్రొవిజనల్ సెలెక్ట్ లిస్టులో పేర్లు కూడా వచ్చాయి, చేరమన్న లిస్టు మాత్రం రాలేదు. జనరల్ డ్యూటీకి అప్పట్లో వయసు పదిహేడున్నర నుంచి 21. రెండేళ్లు కూర్చోబెడితే ఏమవుతుందో లెక్క చెయ్యడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు.

2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత నూటికి పాతికమందిని ఉంచుకుంటారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకుని ఇంటికి. పింఛను లేదు. పాత భర్తీలన్నీ రద్దు, పాసయినవాళ్లయినా సరే మళ్లీ మొదట్నుంచి రావాలి. గొడవలు మొదలవ్వగానే జూన్ 16న ఆ ఒక్క ఏడాదికి వయసు 23కి పెంచారు. అంటే పోయిన రెండేళ్లు పోయాయని సర్కారే ఒప్పుకున్నట్టు. కానీ తిరిగిచ్చింది వయసే, పాత ఉద్యోగం కాదు.

జూన్ 17 పొద్దున సికింద్రాబాదు స్టేషన్లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. రైలు బోగీలు తగలబడ్డాయి, పోలీసులు కాల్పులు జరిపారు, వరంగల్ జిల్లా కుర్రాడొకడు చనిపోయాడు. ఆ రోజు మా ఆఫీసులో మాట్లాడుకున్నది ఒకటే. "ఇలాంటివాళ్లా సైన్యంలో చేరేది?" నేను కూడా తల ఊపాను. తగలబెట్టడం తప్పే, అందులో సందేహం లేదు. రైల్లో ఉన్నవాళ్లకి ఆ గొడవతో ఏం సంబంధం? కానీ తర్వాత చదివితే తెలిసింది, వచ్చినవాళ్లలో చాలామంది ఆ అడ్మిట్ కార్డు బాపతు. రెండు రోజుల తర్వాత సైన్యం తరఫున ఇంకో మాట చెప్పారు. గొడవల్లో పాల్గొనలేదని ప్రతివాడూ రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది, ఎఫ్ఐఆర్ ఉంటే చేరలేడు అని. అలా ఆ స్టేషన్లో నిలబడడం కూడా కొత్త అనర్హత అయింది.

ఇక కోర్టులు. దేశమంతటా వేసిన పిటిషన్లని 2022 జులై 19న సుప్రీం కోర్టు ఢిల్లీ హైకోర్టుకి తోసింది. పిటిషన్లు రెండు రకాలు. మొదటి రకం, పథకమే తప్పు అనేవి. రెండో రకం, పథకం మీ ఇష్టం, పాత నోటిఫికేషన్ల కింద పాసయిన మమ్మల్ని మాత్రం తీసుకోండి అనేవి. 2023 ఫిబ్రవరి 27న హైకోర్టు రెండిటినీ కొట్టేసింది. పథకం దేశ ప్రయోజనం కోసం తెచ్చింది, విధాన నిర్ణయం, జోక్యం చేసుకోం. భర్తీ ప్రక్రియలో ఉన్నంత మాత్రాన ఉద్యోగం మీద హక్కు పుట్టదు. 2023 ఏప్రిల్ 10న సుప్రీం కోర్టు కూడా అప్పీళ్లు కొట్టేస్తూ ఇంచుమించు ఇదే చెప్పింది.

న్యాయపరంగా ఇది కొత్తేమీ కాదు. 1991లో శంకర్సన్ దాస్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచి చెప్పిందే. సెలెక్షన్ లిస్టులో పేరున్నా ఉద్యోగం మీద తిరుగులేని హక్కు రాదు, కాకపోతే సర్కారు ఇష్టారాజ్యంగా ప్రవర్తించకూడదు అని.

దీనికి ఇంకో వైపు మన దగ్గర్నుంచే వచ్చింది. మంజుశ్రీ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 2008. మన ఉమ్మడి రాష్ట్రంలో జిల్లా జడ్జీల ఎంపిక. ఇంటర్వ్యూలన్నీ అయ్యాక, ఇంటర్వ్యూలో కూడా కనీస మార్కులు రావాలని కొత్త రూలు పెట్టారు. సుప్రీం కోర్టు చెల్లదంది. ఆట మొదలయ్యాక రూల్స్ మార్చకూడదు అన్న సూత్రానికి ఇవాళ అందరూ చెప్పే కేసు ఇదే. 2024 నవంబరు 7న రాజ్యాంగ ధర్మాసనం తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. భర్తీ మొదలయ్యాక అర్హత నియమాలు మధ్యలో మార్చకూడదు, రూల్స్‌లోనే ఆ వీలు ఉంటే తప్ప. అదే తీర్పులో శంకర్సన్ దాస్ మాట కూడా అలాగే నిలిపింది.

రెండూ కలిపి చదివితే వచ్చే అర్థం తమాషాగా ఉంటుంది. ఆట మధ్యలో గోల్‌పోస్టు అంగుళం జరిపితే తప్పు. మొత్తం గ్రౌండుకే తాళం వేసి, పక్క గ్రౌండులో కొత్త ఆట పెట్టుకుంటే తప్పు లేదు. జడ్జి కావలసిన లాయరుకి ఇంటర్వ్యూ మార్కుల దగ్గర దొరికిన రక్షణ, మెడికల్ పాసయిన జవాను కుర్రాడికి దొరకలేదు.

మన పనిలో పెట్టి చెబుతాను. పాత సిస్టం తీసేసి కొత్తది పెట్టడం మనందరం చేసే పనే. పాతది ఆపే ముందు ఏం చేస్తాం? కొత్త రిక్వెస్టులు రాకుండా ఆపి, అప్పటికే లోపలికొచ్చినవాటిని పూర్తి చేసి, అప్పుడు సర్వర్ తీస్తాం. మధ్యలో ఉన్న లావాదేవీలని చంపేసి "మీకు హక్కేం లేదు, మళ్లీ లైన్లోకి రండి" అంటే కస్టమర్ ఊరుకుంటాడా? బ్యాంకు ప్రాజెక్టులో అలా చేస్తే మన ఉద్యోగం ఉంటుందా?

ఇంకో పోలిక అమెరికా నుంచి. మనలో కొంతమంది క్లాస్‌మేట్లు వెళ్లిన దారే అది. అమెరికా సైన్యం 2009లో మావ్నీ అని ఒక పథకం మొదలుపెట్టింది. గ్రీన్ కార్డు లేకపోయినా స్టూడెంట్ వీసా, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, డాక్టర్లో ఫలానా భాషలు వచ్చినవాళ్లో అయితే చేరొచ్చు, సిటిజన్‌షిప్ త్వరగా వస్తుంది. పదివేల మందికి పైగా చేరారు. 2016లో భద్రత తనిఖీల పేరుతో కొత్త చేరికలు ఆపేశారు. అప్పటికే సంతకాలు పెట్టి ట్రైనింగ్ పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల వీసాలు ఆ ఎదురుచూపులోనే అయిపోయాయి. వాళ్లు కోర్టుకెళ్లారు. 2017 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఒక ఫెడరల్ జడ్జి, రిజర్వులో పనిచేస్తున్నవాళ్ల సిటిజన్‌షిప్ దరఖాస్తుకి కావలసిన సర్వీసు ధ్రువపత్రాలు ఆపొద్దని రక్షణశాఖకి చెప్పారు. 2019 జనవరిలో సియాటిల్‌లో ఇంకో జడ్జి, సిటిజన్లు అయిపోయాక కూడా ఆ సైనికులని మాత్రమే పదేపదే తనిఖీ చెయ్యడం పుట్టిన దేశాన్ని బట్టి చేసే వివక్షేనని తీర్పిచ్చారు. అందరికీ న్యాయం జరిగిందని కాదు. కానీ వాళ్ల చేతిలో రెండు ఉన్నాయి. సంతకం పెట్టిన కాగితం ఒకటి, "నువ్వు ఫలానా దేశం వాడివి" అన్న వివక్ష ఇంకొకటి. సికింద్రాబాదు కుర్రాడి చేతిలో రెండూ లేవు. వాడు పోగొట్టుకున్నది రెండేళ్ల వయసు. దాన్ని హక్కుగా లెక్కపెట్టే పద్ధతి మన చట్టంలో లేదు.

అగ్నిపథ్‌ని సమర్థించేవాళ్ల వాదన నేను కొట్టిపారెయ్యను. సైన్యం సగటు వయసు తగ్గాలి, పింఛను భారం పెరుగుతోంది, ఇవి నిజమైన సమస్యలే. పైగా ఈ పథకంలోనే "ఆల్ ఇండియా ఆల్ క్లాస్" పద్ధతిలో భర్తీ అన్నారు. అంటే రాబర్ట్స్ కాలం నుంచి వస్తున్న కులాల, ప్రాంతాల గదుల గోడలు కాగితం మీద కూలగొట్టిన పథకం కూడా ఇదే. సైన్యం ఎలా ఉండాలో జడ్జీలు చెప్పకూడదన్నదీ ఒప్పుకుంటాను. నా పేచీ రెండో రకం పిటిషన్ల గురించి మాత్రమే. పాసయినవాళ్లకి పాత పద్ధతిలో పరీక్ష పెట్టి ఆ లెక్క ముగిస్తే కొత్త పథకానికి వచ్చే నష్టమేమిటి? అదే 2022లో తెలంగాణ ప్రభుత్వం పోలీసు ఉద్యోగాలకి వయోపరిమితి సడలించింది, ఆకాశమేం ఊడిపడలేదు. భర్తీ ఆలస్యమైతే ఆ కాలాన్ని వయసులోంచి తీసెయ్యాలి, మొదలుపెట్టిన భర్తీని ముగించే కొత్తది తేవాలి అని ఒక చట్టం రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. కోర్టు చెయ్యలేనిది పార్లమెంటు చెయ్యొచ్చు. ఆ రెండు వాక్యాలు రాయమని అడిగే ఎంపీ ఇంతవరకు నాకు కనపడలేదు.

అన్నట్టు, 2022 జూన్‌లో గొడవ మొదలయితే 2023 ఏప్రిల్‌కి చివరి మాట వచ్చింది. పది నెలలు. మన కోర్టుల లెక్కన అది మెరుపువేగం. కానీ ఆ పది నెలల్లోనే 23 దాటినవాళ్లు ఎంతమందో. గెలిచినా వాళ్లకి ఆ గెలుపు అందేదా అన్నది వేరే ప్రశ్న.

తుక్కుగూడ సర్వీసు రోడ్డు మీద పరిగెత్తేవాళ్లు ఇప్పుడు నాలుగేళ్ల ఉద్యోగం కోసమే పరిగెడుతున్నారు. ఇప్పుడు అక్కడ నేను హారన్ కొట్టడం మానేశాను. స్టాప్‌వాచ్ పట్టుకున్నవాడు అరిచే నంబరు వినపడుతుందేమోనని అద్దం దించుతాను.